మాడ్రిడ్‌లో గెలిచినవాడు పారిస్‌లో ఎందుకు ఓడిపోతాడు?

2025 మే 4, ఆదివారం. టెన్నిస్ ఆటగాడు కాస్పర్ రూడ్ మాడ్రిడ్‌లో కప్పు ఎత్తాడు. ఫైనల్లో జాక్ డ్రేపర్‌ని మూడు సెట్లలో ఓడించాడు, కెరీర్‌లో అదే అతని మొదటి మాస్టర్స్ (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి టోర్నీ) టైటిల్, పైగా అంతకుముందే రెండుసార్లు ఫ్రెంచ్ ఓపెన్ (పారిస్‌లో జరిగే గ్రాండ్‌స్లామ్) ఫైనల్ ఆడిన మనిషి, ఇంకేముంది, ఈసారి పారిస్‌లో ఇతన్నే చూసుకోవాలి అని మా వాట్సాప్ గ్రూపులో తీర్మానం కూడా అయిపోయింది. మూడున్నర వారాలు తిరిగాయో లేదో, పారిస్ రెండో రౌండ్లో నునో బోర్జెస్ అనే పోర్చుగల్ ఆటగాడి చేతిలో ఓడిపోయాడు. మొదటి సెట్ 6-2తో గెలిచాడు. ఆఖరి సెట్లో ఒక్క గేమ్ కూడా రాలేదు.

ఇది రూడ్ ఒక్కడి కథ అయితే దురదృష్టం అనుకుని వదిలేయొచ్చు. అంతకుముందు ఏడాది మాడ్రిడ్ గెలిచిన రుబ్లెవ్ పారిస్‌లో మూడో రౌండ్లో వెనక్కి వచ్చాడు. 2022లో మాడ్రిడ్ గెలిచిన ఓన్స్ జబేర్ పారిస్‌లో మొదటి రౌండే దాటలేదు. మగవాళ్లలో మాడ్రిడ్, పారిస్ రెండూ ఒకే ఏడాది కొట్టినవాడు 2017లో నాదల్, ఆ తర్వాత 2025 దాకా ఇంకెవరూ లేరు (2020లో కరోనా వల్ల మాడ్రిడ్ జరగనే లేదు, దాన్ని లెక్కలోంచి తీసేయండి). ఆడవాళ్లలో 2024లో ఇగా స్వియాటెక్ చేసింది, అది కూడా మాడ్రిడ్ ఫైనల్లో సబలెంకా మీద మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్కటి పోయినా కప్పు పోయే పాయింట్లు) కాచుకుని.

ఏప్రిల్, మే నెలల్లో టెన్నిస్ చూడటం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అన్నిటికీ కలిపి "క్లే సీజన్" (క్లే అంటే మట్టి) అని ఒకే పేరు ఉంది కదా, అన్ని కోర్టులూ ఎర్రగానే ఉన్నాయి కదా, ఇక్కడ గెలిచినవాడు అక్కడా గెలవాలి కదా అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని ఫ్రెండ్స్‌తో పందేలు ఓడిపోయాను.

ముందు వరస చూద్దాం, త్వరగా. మార్చి ఆఖర్లో మయామిలో హార్డ్ కోర్టుల (గట్టి నేల) ఆట ముగుస్తుంది. ఏప్రిల్లో మోంటే కార్లో మాస్టర్స్ (పేరుకే మొనాకో, కోర్టులు మాత్రం సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో ఉన్న రోక్‌బ్రూన్‌లో ఉంటాయి). తర్వాత బార్సిలోనా, అదే వారం మ్యూనిక్. ఆ తర్వాత మాడ్రిడ్, రోమ్, ఒక్కోటీ దాదాపు రెండు వారాలు. చివర్లో హాంబర్గ్, జెనీవా లాంటివి, మే ఆఖరి వారంలో పారిస్. ఆడవాళ్లకి చార్ల్‌స్టన్‌తో మొదలై స్టుట్‌గార్ట్, మాడ్రిడ్, రోమ్, స్ట్రాస్‌బర్గ్, పారిస్. మొత్తం తొమ్మిది పది వారాలు. మన దగ్గర ఐపీఎల్ నడిచే రోజులే ఇవి, అందుకే ఇంట్లో రిమోట్ దొరకదు, ఫోన్‌లో చూసుకోవాల్సిందే.

ఇంతకీ ఈ మట్టి మట్టి కాదు. ఇటుక పొడి. ఇదివరకు మన దగ్గర గచ్చు వేసేటప్పుడు సున్నంలో సుర్ఖీ కలిపేవాళ్లు చూడండి, దాదాపు అదే సరుకు. పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్ కోర్టులో మనకి కనిపించే ఎరుపు పైన చల్లిన ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర మాత్రమే, దాని కింద ఉన్నది తెల్లటి సున్నపురాయి పొడిని గట్టిగా దిమ్మిస చేసిన పొర, ఇంకా కింద బొగ్గు కాల్చగా మిగిలిన చిట్టెం, కంకర, పెద్ద రాళ్లు. ఎండకి పై పొర ఆరిపోతే గాలికి లేచిపోతుంది, అందుకే నీళ్లు చల్లుతూ ఉంటారు, సెట్ల మధ్యలో నలుగురు మనుషులు పెద్ద వల లాంటిది ఈడ్చుకుంటూ కోర్టంతా చదును చేస్తారు, ఒకరు చీపురుతో తెల్ల గీతలు ఊడుస్తారు. టీవీలో ఆ టైమ్‌లో యాడ్స్ వేస్తారు కానీ, నాకు ఆ ఊడ్చే దృశ్యమే ఇష్టం.

ఆ సన్నటి పొర ఏం చేస్తుందంటే, పడిన బంతిని ఒక్క క్షణం పట్టుకుంటుంది. బంతి ముందుకు పోయే వేగం తగ్గుతుంది, పైకి లేచేది పెరుగుతుంది. హార్డ్ కోర్టులో చేతికి అందకుండా జారిపోయే సర్వ్ ఇక్కడ భుజం ఎత్తుకి లేచి, కొట్టు అన్నట్టు నిలబడుతుంది. అంచేత సర్వ్ మీదే బతికేవాళ్లకి కష్టం. టాప్ స్పిన్ (బంతిని ముందుకి తిరిగేలా కొట్టడం) దట్టంగా వేసేవాళ్లకి పండగ. ర్యాలీలు పొడుగవుతాయి, ఆటగాళ్లు బేస్‌లైన్‌కి (కోర్టు చివరి గీతకి) చాలా వెనక్కి పోయి నిలబడతారు, అలా వెనక్కి పోయారు కాబట్టే అల్కరాజ్ లాంటివాడు నెట్ అవతల ఒక చిన్న డ్రాప్ షాట్ వదిలితే పరుగెత్తి పరుగెత్తి సగం దారిలో ఆగిపోతారు. కాళ్ల సంగతి వేరే. మట్టి మీద పెరిగినవాడు బంతి దగ్గరికి జారుతూ వచ్చి, జారుడు ఆగే చోట బంతి కొడతాడు. అలవాటు లేనివాడు ముందు కొట్టి తర్వాత జారతాడు, దాంతో మళ్లీ కోర్టు మధ్యలోకి రావడానికి రెండడుగులు ఎక్కువ పడతాయి. ఎవరైనా కొత్త ఆటగాడి మ్యాచ్ పెట్టుకుంటే ఓ పావుగంట స్కోరు వదిలేసి అతని కాళ్లే చూడండి, మట్టి మీద ఎంత దూరం పోతాడో తెలిసిపోతుంది.

ఇదంతా సముద్ర మట్టానికి దగ్గరున్న ఊళ్ల సంగతి. మాడ్రిడ్ దాదాపు 650 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పల్చన, బంతికి అడ్డు తక్కువ, కాబట్టి వేగం తగ్గాల్సినంత తగ్గదు. మట్టి ఆపబోతుంటే గాలి వదిలేస్తుంది అనుకోండి. బెంగళూరులో ఆడి చెన్నై వెళ్లి ఆడిన క్లబ్ ఆటగాళ్లెవర్నైనా అడిగితే ఈ తేడా చెబుతారు. సర్వ్ మళ్లీ పనికొస్తుంది, ఫ్లాట్‌గా బలంగా బాదేవాళ్లకి ఊపిరి వస్తుంది, వెనక నిలబడి ఓపిగ్గా అల్లేవాళ్లకి బంతి లైన్ దాటిపోతూ ఉంటుంది. నాదల్ లెక్క ఒక్కటి చూస్తే చాలు. పారిస్‌లో 14 టైటిళ్లు, బార్సిలోనాలో 12, మోంటే కార్లోలో 11, రోమ్‌లో 10. మాడ్రిడ్ మట్టి మీద నాలుగు. సొంత దేశంలో, సొంత జనం ముందు, నాలుగే. మరొకడికి నాలుగంటే గొప్పే, నాదల్ మట్టి లెక్కలో మాత్రం అది తక్కువ కిందే వస్తుంది.

మాడ్రిడ్‌వాళ్లు ఇది చాలదన్నట్టు 2012లో మట్టికి నీలం రంగు వేశారు. టీవీలో పసుపు బంతి బాగా కనిపిస్తుందని. కనిపించింది. కాకపోతే కాలు నిలవలేదు, నాదల్, జొకోవిచ్ ఇద్దరూ ఓడిపోయి, మళ్లీ ఇదే రంగుంటే వచ్చేది లేదన్నారు. ఫెదరర్ మాత్రం కిక్కురుమనకుండా కప్పు తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది నీలం పోయింది, ఎరుపు తిరిగొచ్చింది.

ఆడవాళ్ల వైపు ఇంకా గందరగోళం. చార్ల్‌స్టన్‌లో మట్టి ఆకుపచ్చది, అది ఇటుక కాదు, ఒక రకం నల్లరాతి పొడి, కాస్త వేగంగా ఉంటుంది. స్టుట్‌గార్ట్‌లో ఎరుపే గానీ పైన కప్పున్న హాల్లో ఆడతారు, గాలి లేదు, ఎండ లేదు, గెలిచినవాళ్లకి పోర్షే కారు ఇస్తారు. 2025లో ఆ కారు ఒస్టాపెంకోకి దక్కింది. బంతిని పగలగొట్టేలా బాదే ఆవిడకి గాలి కొట్టని హాలు కంటే ఏం కావాలి? ఆ ఫలితం చూసి పారిస్ గురించి అంచనా వేస్తే పప్పులో కాలేసినట్టే.

మరి దేన్ని చూసి అంచనా వేయాలి అంటే, నా మటుకు నేను మోంటే కార్లో, రోమ్ ఈ రెండూ చూస్తాను, అందులోనూ కప్పు ఎవరికి వచ్చిందన్నదాని కంటే వరసగా ఎవరు సెమీస్ దాకా వస్తున్నారన్నది. 2025లో లొరెంజో ముసెట్టి మోంటే కార్లోలో ఫైనల్, మాడ్రిడ్, రోమ్‌లలో సెమీఫైనల్, ఒక్క టైటిలూ లేదు, పారిస్‌లో చూస్తే సెమీస్‌లో ఉన్నాడు. అల్కరాజ్ మోంటే కార్లో, రోమ్ గెలిచాడు, బార్సిలోనా ఫైనల్లో రూనే చేతిలో ఓడి, ఆ మ్యాచ్‌లో తగిలిన దెబ్బతో మాడ్రిడ్ మానుకున్నాడు. అంటే ఆ ఏడాది పారిస్ గెలిచినవాడు అసలు మాడ్రిడ్‌లో ఆడనే లేదు.

పారిస్‌లోనూ మధ్యాహ్నం ఒక కోర్టు, రాత్రి ఒక కోర్టు. ఎండలో బంతి చురుగ్గా లేస్తుంది. రాత్రి చల్లబడి తేమ పట్టాక బంతి బరువెక్కుతుంది, మట్టి కూడా బంతికి అంటుకుని వస్తుంది, ఎంత టాప్ స్పిన్ వేసినా నడుము దాటి లేవదు. అందుకే నాదల్‌కి రాత్రి ఆడటం నచ్చేది కాదు. మన టైమ్ ప్రకారం పారిస్‌లో మ్యాచ్‌లు మధ్యాహ్నం రెండున్నరకి మొదలవుతాయి, రాత్రి మ్యాచ్ మాత్రం పావు తక్కువ పన్నెండుకి. అది అయిదు సెట్లకి పోయిందంటే తెల్లారిపోయినట్టే. అమెరికాలో ఉన్న మనవాళ్లు అదృష్టవంతులు, న్యూజెర్సీలో మధ్యాహ్నం రెండుంపావుకి అదే మ్యాచ్ చూసుకోవచ్చు, ఆఫీసులో ఎవరూ చూడకుండా. ఇంకో మాట, 2024లో, 2025లో రాత్రి మ్యాచ్ ఒక్కటి కూడా ఆడవాళ్లకి ఇవ్వలేదు. మూడు సెట్ల ఆట తొందరగా అయిపోతే టికెట్ కొన్నవాళ్లకి నష్టమంటారు నిర్వాహకులు. గంటంపావులో చేతులెత్తేసిన మగవాళ్ల మ్యాచ్‌లు ఎన్ని చూడలేదు.

మట్టికి ఉన్న మరో చిత్రం, బంతి పడిన చోట గుర్తు ఉంటుంది. కోలగా, అంచు ఒక వైపు కాస్త మసకగా. లైన్ తగిలిందా లేదా అని గొడవ వస్తే అంపైర్ ఆ పెద్ద కుర్చీ దిగి, కోర్టు దాటుకుంటూ వచ్చి, వంగి, వేలితో ఆ గుర్తు చుట్టూ గాల్లో సున్నా చుట్టి చూపిస్తాడు. వందల గుర్తుల్లో ఇదే అని ఎలా పట్టుకుంటాడో, ఒక్కోసారి పట్టుకోలేడు కూడా. 2025 నుంచి మగవాళ్ల టూర్‌లోనూ, ఆడవాళ్ల టోర్నీలు కొన్నిటిలోనూ మట్టి మీద కూడా మెషీనే లైన్లు చెబుతోంది, మరి గుర్తు చూస్తామంటే కుదరదు. ఆ ఏప్రిల్లో స్టుట్‌గార్ట్‌లో సబలెంకా, తర్వాత మాడ్రిడ్‌లో జ్వెరెవ్, ఇద్దరూ కోపం పట్టలేక బ్యాగులోంచి ఫోన్ తీసి ఆ గుర్తుకి ఫోటో కొట్టారు. ఇద్దరికీ వార్నింగే దక్కింది. చిక్కేమిటంటే ఇద్దరిదీ పూర్తి తప్పు కాదు, మెషీన్‌దీ పూర్తి తప్పు కాదు. పొడి మందంగా ఉన్న చోట గుర్తు ఒకలా, పల్చగా ఉన్న చోట ఒకలా పడుతుంది, బంతి జారితే గుర్తు సాగుతుంది, కాబట్టి కంటికి కనిపించేది బంతి తాకిన చోటు ఒక్కటే కాదు. పారిస్ మాత్రం 2025లో కూడా లైన్ జడ్జిల్ని వదలలేదు. నాకైతే అదే బాగుంది, కుర్చీ దిగి వచ్చే మనిషి లేని మట్టి కోర్టు ఏదో వెలితిగా ఉంటుంది.

ఇక డ్రాలోకి ఎవరొస్తారన్నది. పారిస్ సింగిల్స్‌లో 128 మంది. మగవాళ్లలో దాదాపు 104 మంది ర్యాంకు చూసి నేరుగా వస్తారు, ఆ ర్యాంకు కూడా టోర్నీ నాటిది కాదు, ఆరు వారాల ముందుది. 16 మంది క్వాలిఫయింగ్‌లో (ముందు జరిగే అర్హత పోటీలో) మూడు మ్యాచ్‌లు గెలిచి వస్తారు, 8 మందికి వైల్డ్ కార్డులు (ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు ఇచ్చే చోట్లు), అవి ఎక్కువగా ఫ్రెంచ్‌వాళ్లకే పోతాయి. ఇంటివాళ్లకి పెట్టుకున్నారని తిట్టుకుంటాం గానీ, 2025లో లోయిస్ బువాసాన్ అనే అమ్మాయి 361వ ర్యాంకుతో వైల్డ్ కార్డు మీద వచ్చి, పెగులాని, మిరా ఆంద్రేయెవాని ఇంటికి పంపి సెమీస్ దాకా పోయింది. అంతకుముందు ఏడాది కూడా ఆమెకి వైల్డ్ కార్డు వచ్చింది, టోర్నీకి వారం ముందు మోకాలి లిగమెంట్ తెగింది. మనవాళ్ల విషయానికొస్తే 2024లో సుమిత్ నాగల్ మోంటే కార్లో క్వాలిఫయింగ్ గెలిచి, మెయిన్ డ్రాలో ఇటలీ ఆటగాడు ఆర్నాల్డిని ఓడించాడు. మట్టి మీద మాస్టర్స్ మెయిన్ డ్రా సింగిల్స్ మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయుడు అతనే. తర్వాతి రౌండ్లో రూనే నుంచి ఒక సెట్ కూడా లాక్కున్నాడు. సింగిల్స్‌లో మన కథ అక్కడికే గానీ, డబుల్స్‌లో, మిక్స్‌డ్‌లో పారిస్ మనకి బాగా కలిసొచ్చిన ఊరు. మన హైదరాబాద్ సానియా 2012లో మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ గెలిచింది అక్కడే.

చివరికి పాయింట్లు. అందరికీ తల తిరిగేది ఇక్కడే, నిజానికి ఇది మన నల్లా ట్యాంకు లెక్క. పైనుంచి నీళ్లు పడుతుంటాయి, కిందనుంచి పోతుంటాయి. ఆటగాడు గెలిచిన పాయింట్లు సరిగ్గా 52 వారాలు ఉంటాయి, మరుసటి ఏడాది అదే టోర్నీ వచ్చేసరికి రాలిపోతాయి, వాటి స్థానంలో ఈ ఏడాది సంపాదించినవి వస్తాయి. "డిఫెండ్ చేయాలి" అని కామెంటేటర్లు అనేది దీన్నే. మాస్టర్స్ గెలిస్తే 1000, గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000. మగవాళ్లకి గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో ఓడితే 1300, సెమీస్‌లో ఓడితే 800. కాబట్టి ఏప్రిల్లో ఎవడో గెలిచినా ర్యాంకు కదల్లేదేంటి అని మీకు అనిపిస్తే, కిందటేడు అదే వారం అతనేం చేశాడో చూడండి. కిందటేడు గాయంతో ఇంట్లో కూర్చున్నవాడికి పోయేదేమీ లేదు, ప్రతి గెలుపూ లాభమే. 2025 మోంటే కార్లోలో అల్కరాజ్ పరిస్థితి అదే, 2024లో ఆడలేదు కాబట్టి 1000 నికరంగా వచ్చి పడ్డాయి.

రూడ్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎత్తు ఒక్కటే కారణం అంటే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. క్లే సీజన్ అంతా అతన్ని మోకాలు వేధిస్తూనే ఉంది. పారిస్‌లో ఓడిన రోజు అతను చెప్పిందేమిటంటే, పెద్ద టోర్నీలు మానితే పాయింట్లు పోతాయి, ఏడాది చివర్లో ఇచ్చే బోనస్ డబ్బులో కోత పడుతుంది, అందుకని నొప్పి ఉన్నా పరుగెత్తాల్సి వస్తోందని. మోంటే కార్లో ఒక్కటే మానుకోవచ్చు, మాడ్రిడ్, రోమ్ తప్పనిసరి. పైగా ఇప్పుడవి పన్నెండేసి రోజులు సాగుతాయి, ఒక వారంలో తేలిపోయే ఆట రెండు వారాలు హోటల్లో కూర్చోబెడుతుంది. గెలుస్తూ పోయినవాడికి మధ్యలో విశ్రాంతి రోజు దొరుకుతుంది, నిజమే, కానీ ఇల్లు దొరకదు. మొదటి మ్యాచ్‌లోనే ఓడినవాడు మాత్రం మరుసటి వారం ఏ బోర్డో ఛాలెంజర్‌ (కింది స్థాయి టోర్నీ) లాంటిదానికో పోయి పాయింట్లు ఏరుకుంటాడు.

ఈ ట్యాంకు లెక్క ఎంత విడ్డూరంగా ఉంటుందో 2025 జూన్ 8న చూశాం. అల్కరాజ్, సిన్నర్, పారిస్ ఫైనల్. మన సాయంత్రం ఆరున్నరకి మొదలైంది. మొదటి రెండు సెట్లు సిన్నర్‌వి, నాలుగో సెట్లో 5-3, అల్కరాజ్ సర్వ్, 0-40, మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. సరే అయిపోయింది అనుకుని నేను కంచం కడగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి 5-4. నాలుగో సెట్ టై బ్రేక్, అయిదో సెట్ టై బ్రేక్, మొత్తం 5 గంటల 29 నిమిషాలు, ఫ్రెంచ్ ఓపెన్ చరిత్రలో అంత పొడుగు ఫైనల్ అంతకుముందు లేదు. ముగిసేసరికి మనకి అర్ధరాత్రి.

పొద్దున లేచి ర్యాంకింగ్స్ తెరిచాను. అల్కరాజ్ 2024లోనూ పారిస్ గెలిచాడు కాబట్టి 2000 పోయాయి, 2000 వచ్చాయి. నికరం సున్నా. సిన్నర్ 2024లో అక్కడ సెమీస్‌లో ఓడాడు, 800 పోయి 1300 వచ్చాయి. నంబర్ వన్ సిన్నరే, ఇద్దరి మధ్య తేడా ముందు రోజు కంటే 500 పెరిగింది.